సూత్రధారి చేతి నుంచి సర్వో బోర్డు వరకు

కోలారు సీమలో పుట్టి పెరిగిన పెద్దలకు బంగారక్కను పరిచయము చేయనక్కరలేదు. తోలుబొమ్మలాటలో రామరావణులు యుద్ధము చేసి చేసి అలసిన వేళకు తెర మీదకు వచ్చి, జుట్టుపోలిగాడిని నాలుగు మాటలని, మెడ ఒక్క విసురు విసిరి పోయెడిది. ఆమె తోలుముక్క అని తెలిసిన వారు కూడ ఆ విసురు చూచినప్పుడు ఆ సంగతి మరచిపోయేవారు.

ఆ బంగారక్కను మన సంఘము పిల్లలు రాబోవు దసరా బొమ్మల కొలువులో నిలబెట్టదలచినారు. తల తానే త్రిప్పవలెనట, చుట్టును దీపములు పాటకు తగినట్లు వెలిగి ఆరవలెనట. "మామయ్యా, ఏ సర్వో కంట్రోలరు బోర్డు కొనమంటారు?" అని నన్నడిగినారు. నాలుగు పేర్లు చెప్పి ఊరుకొనవచ్చును. కాని రెండేండ్ల క్రిందట మన కొలువులో జరిగినది చూచిన వాడను గనుక ఊరుకొనలేక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నాడు గజేంద్ర మోక్షము పెట్టినాము. ఒక పనివానికి డబ్బిచ్చి, కదిలే ఏనుగును, మొసలిని చేయించినాము. మొదటి ఏడు జనము విరుగబడి చూచినారు. మరుసటి ఏడు పాట మార్చినాము. ఏనుగు మాత్రము పాత పాటకే తొండమెత్తుచున్నది! బోర్డు పెట్టె అంటించి మూసివేయబడినది. లోపల ఏ తీగె ఎక్కడికి పోవునో వ్రాసిన కాగితము లేదు. చేసినవాడు ఊరు మారినాడు. మూడవ నాటి రాత్రి మొసలి దవడ బిగుసుకొని, మోటారు కాలిన వాసన వచ్చినది. ఆ పెట్టె నేటికిని మన సామాను గదిలో ఉన్నది. అందుచేత బోర్డు ఎంచుకొనుట ధర సంగతి మాత్రమే కాదని నాకు అనిపించినది. ఈ విద్య ఎట్లు వచ్చినది, ఎందుకు చెడినది అని వెనుకకు పోయి చూచితే కొన్ని సంగతులు తేటపడుచున్నవి.

పదకొండవ శతాబ్దములో ధారానగరము ఏలిన భోజుని పేర సమరాంగణ సూత్రధారమను వాస్తుగ్రంథము కలదు. అందులో ఒక అధ్యాయమంతయు యంత్రముల గురించినదే. నాట్యమాడు కొయ్యబొమ్మలు, ద్వారము కాచు బొమ్మలు, నీరు చిమ్ము బొమ్మలు, ఎగిరే కొయ్యపక్షి కూడ ఉన్నవి. అయితే వాటి నిర్మాణమును పూర్తిగా చెప్పుట లేదనియు, అది తెలియక కాదు, గోప్యము కొరకే అనియు ఆ గ్రంథమే చెప్పినది. అందరికీ తెలిసిపోతే వింత పోవునని భయము! ఫలితము మనకు తెలిసినదే. బొమ్మల పేర్లు మిగిలినవి, లోపలి మరలు మిగలలేదు.

మన తెలుగునాట పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటలను ప్రస్తావించినాడు. అంటే పదమూడవ శతాబ్దము నాటికే ఇవి జనములో ఉన్నవన్న మాట. తోలుబొమ్మకు నడుమ చీల్చిన వెదురుబద్ద ఒకటి, చేతులకు వేరే పుల్లలు. మోచేయి, మణికట్టు, మెడల వద్ద కదిలే కీళ్లు. వెనుక ఆముదపు దీపము, తరువాతి కాలములో పెట్రోమాక్సు, ఆ తరువాత కరెంటు బల్బు. ఆడించువాడు పాడుచు, కాలితో చెక్కను తొక్కి చప్పుడు చేయుచు, రెండు చేతులతో రెండు బొమ్మలను యుద్ధము చేయించును. ఈ విద్య కుటుంబములలో తండ్రి నుంచి కొడుకునకు పోయినది. సినిమా వచ్చి కూలి గిట్టక కొడుకు వేరే పనికి పోయిన ఇంటిలో ఆట కూడ ఆగినది. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట వంటి కొన్ని చోట్ల నిలిచినది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. భోజుడు కావాలని దాచినాడు, పాపము ఈ కుటుంబములు ఎవరూ అడుగక పోగొట్టుకొన్నవి.

ఇక బొమ్మను ఆడించు చేతికి బదులు మోటారు వచ్చిన కథ. సర్వో అను మాటకు మూలము సేవకుడు, బానిస అను అర్థము గల లాటిను పదము. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జోసెఫ్ ఫార్కో 1873లో అచ్చు వేసిన పుస్తకములో ఈ పేరు పెట్టినాడు. పెద్ద ఓడ చుక్కానిని మనుషుల బలముతో త్రిప్పుట కష్టము. కెప్టెను చిన్న చక్రము త్రిప్పితే, ఆవిరి యంత్రము చుక్కానిని సరిగా అంతే త్రిప్పి, అక్కడ తానే ఆగవలెను. చెప్పినంత చేసి ఆగుట, ఇదియే సర్వో. త్రిప్పుట ఏ మోటారైనను చేయును. ఎంత తిరిగినదో తెలిసికొని ఆగుటలోనే ఉన్నది విశేషము.

ఈ సంగతి కోలారు బంగారు గనుల ఇండ్లలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. గనిలోకి కేజిని దింపు వైండింగు ఇంజను నడుపువాడు కేజిని కంటితో చూడడు. అతడు పైన ఇంజనుగదిలో కూర్చుండును. క్రింది నుంచి గంటలు మ్రోగును. ఇన్ని గంటలకు ఎత్తుట, ఇన్ని గంటలకు దించుట, ఇన్నిటికి ఆపుట. ఎదుట ఒక సూచిక తిరుగుచు కేజి ఎంత లోతున ఉన్నదో చూపుచుండును. గంట ఆజ్ఞ, ఇంజను బలము, సూచిక తిరుగు జవాబు. ఈ మూడింటిలో ఏది తప్పినా లోపలి మనుషుల ప్రాణములకే ముప్పు. ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటినది. అంత లోతునకు మనుషులను దింపి ఎత్తినది ఈ మూడింటి పొందికయే. నేడు పిల్లల అరచేతిలో ఇమిడే 9 గ్రాముల సర్వోలో కూడ ఇవే ఉన్నవి. చిన్న మోటారు, పళ్లచక్రములు, ఇరుసు ఎంత తిరిగినదో చెప్పు చిన్న నిరోధకము, ఆజ్ఞను జవాబుతో పోల్చు చిన్న సర్క్యూటు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి గాని ఆ పాఠము మూతపడలేదు.

కరెంటు మాట వచ్చినది కాబట్టి అదికూడ చెప్పవలెను. దివాను శేషాద్రి అయ్యరు కాలములో తలపెట్టిన శివసముద్రము జలవిద్యుత్తు 1902 జూన్ 30న కోలారు గనులకు చేరినది. దూరము 92 మైళ్లు, అనగా సుమారు 148 కిలోమీటర్లు. అది చూచుటకు ఆయన లేరు, 1901లోనే గతించినారు. బెంగుళూరు వీధులలో కరెంటు దీపములు వెలిగినది 1905 ఆగస్టులో. అనగా రాజధాని వీధుల కన్న మూడేండ్లు ముందుగా గనికి కరెంటు వచ్చినది. చుట్టుపట్ల పల్లెలు మాత్రము ఇంకను చాలా దశాబ్దములు కిరసనాయిలు దీపముతోనే గడిపినవి. ఆ కరెంటు సొంతదారులైన కంపెనీల యంత్రములను నడిపినది, మన తెరను వెలిగించలేదు. ఇది నిష్ఠూరమే, కాని నిజము.

పల్లెకు కరెంటు వచ్చిన పిదప తిరునాళ్లలో సీరియలు దీపములు వచ్చినవి. 230 వోల్టులను చిన్న బల్బులు వరుసగా పంచుకొనేవి. ఒకటి పోతే వరుస అంతయు ఆరిపోవును, కుర్రవాడు ఒక్కొక్క బల్బును వ్రేలితో తాకుచు వెదుకును. పరుగెత్తు దీపముల కొరకు చెక్కదిమ్మకు రాగిరేకులు తొడిగి, చిన్న మోటారుతో త్రిప్పేవారు; రేకు తగిలిన వరుస వెలుగును, తగలని వరుస ఆరును. బెంగాలులోని చందన్‌నగరు ఈ దీపపు బొమ్మలకు పేరుపడినది. ఆ రాగిరేకుల దిమ్మయే ఆనాటి కంట్రోలరు బోర్డు. దాని గొప్ప ఏమనగా చూడగానే అర్థమగును. రేకు చిన్నదైతే దీపము కొద్దిసేపే వెలుగును, ఎవరైనను కత్తిరించి మార్చవచ్చును.

అమెరికాలో వాల్టు డిస్నీ సంస్థ 1963లో పాడే పక్షుల మందిరమును, 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో లేచి నిలబడి ఉపన్యసించు అబ్రహాం లింకను బొమ్మను చూపినది. టేపు మీది సంకేతములే ఆ బొమ్మలకు ఆజ్ఞ. రేడియోతో ఎగురవేయు బొమ్మవిమానముల వేడుక గలవారి వద్ద చిన్న సర్వోలు వృద్ధియైనవి. వాటి భాష ఇప్పటికిని అదే. సెకనుకు 50 సార్లు ఒక పల్సు పంపవలెను. పల్సు 1 మిల్లిసెకను ఉంటే ఒక ప్రక్కకు, 1.5 ఉంటే నడుమకు, 2 ఉంటే రెండవ ప్రక్కకు తిరుగును. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో బోర్డు ఈ పల్సులను సామాన్యుని చేతికి తెచ్చినది.

ఇక పిల్లల ప్రశ్నకు వత్తును.

మొదటి సంగతి, బలమును ఆజ్ఞను వేరు చేయుడు. ఆర్డుయినో ఐదు వోల్టుల పిన్ను నుంచి నాలుగు సర్వోలకు కరెంటు లాగరాదు. చిన్న సర్వో బిగుసుకొన్నప్పుడు అర ఆంపియరు దాటి లాగును. లోహపు పళ్లచక్రముల పెద్దది 2.5 ఆంపియర్ల వరకు పోవును. మన మొసలి చచ్చినది ఇందుకే. సర్వోలకు వేరే 5 లేక 6 వోల్టుల సప్లయి, దానికి ఫ్యూజు, లావు తీగెలు ఉండవలెను. నెగెటివు తీగె మాత్రము రెండింటికి కలిసి ఉండవలెను. లేకపోతే ఆజ్ఞ వినబడక సర్వో వణకును. దీపముల లెక్క కూడ ఇంతే. డబ్ల్యు.ఎస్. 2811 చిప్పు గల ఐదు వోల్టుల రంగుదీపము నిండు తెలుపులో 50, 60 మిల్లిఆంపియర్లు తీసికొనును. నూరు దీపములకు 6 ఆంపియర్లు. దీపములకు సర్వోలకు ఒకే సప్లయి పెట్టితే దీపము వెలిగినప్పుడల్లా బంగారక్క ఉలికిపడును.

రెండవది, బోర్డు. చవకగా, విరివిగా దొరకునది పి.సి.ఎ. 9685 చిప్పు గల బోర్డు. రెండే సంకేతపు తీగెలతో 16 సర్వోలను నడుపును. బోర్డులను ఒకదానికొకటి తగిలించి పెంచుకొనవచ్చును. పల్సు కాలమును 4096 మెట్లుగా విభజించును. 20 మిల్లిసెకనులలో ఒక్కొక్క మెట్టు సుమారు 4.9 మైక్రోసెకనులు, సర్వో వాడుకొను ఒక మిల్లిసెకనులో 205 మెట్లు వచ్చును. తల త్రిప్పుటకు ఇది చాలును. కనుగ్రుడ్డు మెల్లగా కదలవలెనన్న మెట్లు కొంచెము కనబడును. శివసముద్రము కరెంటు సెకనుకు 25 ఆవర్తనములు, ఈ చిప్పు లోపలి గడియారము సెకనుకు రెండున్నర కోట్లు. అయినను అది కచ్చితమైన గడియారము కాదు. బోర్డు మార్చినప్పుడు సర్వో హద్దులను మరల కొలిచి చూచుకొనవలెను. దీనికి తనంతట తెలివి లేదు, ఆర్డుయినోయో రాస్‌బెరీ పైయో వెనుక ఉండి చెప్పవలెను.

పొలోలు వారి మేస్ట్రో బోర్డు ధర ఎక్కువ. 6, 12, 18, 24 సర్వోల రకములు కలవు. పావు మైక్రోసెకను వరకు సూక్ష్మముగా చెప్పవచ్చును. ప్రతి సర్వోకు వేగము ఇంత, మొదలు పెట్టుట ఇంత మెల్లగా అని బోర్డులోనే వ్రాసిపెట్టవచ్చును. కంప్యూటరు తీసివేసినను చిన్న కార్యక్రమమును తానే నడుపుకొనును. మెడ విసురులోని సొగసు ఈ వేగముల మార్పులోనే ఉన్నది. ఒకే వేగముతో తిరిగిన తల పంకా వలె ఉండును, బంగారక్క వలె ఉండదు. ఒక్క బొమ్మకు నేను మేస్ట్రోనే కొందును.

కాని మన కొలువులో పాట, దీపములు, ఏడెనిమిది బొమ్మలు కలిసి నడువవలెను. అప్పుడు రాస్‌బెరీ పై మీద ఫాల్కను ప్లేయరు, దానికి పి.సి.ఎ. 9685 బోర్డు మేలు. ఎక్స్‌లైట్సు అను ఉచిత సాధనములో పాట తరంగము చూచుచు దీపములకు, సర్వోలకు ఒకే పట్టికలో వేళలు పెట్టవచ్చును. పాట మారితే పట్టిక మారును, ఏనుగు పాత పాట పట్టుకొని కూర్చుండదు. ఈ రెండింటి లోపలి వ్రాత కూడ ఎవరైనను చూచునట్లు బయట పెట్టినారు, మూసిన పెట్టె కాదు. మూసి అంటించిన బోర్డు ఎంత చవకైనను, ఎంత అందముగా నడిచినను, నేను కొననివ్వను. ఇందులో నాతో వాదించదలచినవారు ముందు సామాను గదికి పోయి ఆ ఏనుగును చూచి రావలెను.

పోయిన ఆదివారము పిల్లలు అట్టతో తల చేసి సర్వోకు తగిలించి చూచినారు. మొదటిసారి కరెంటు ఇవ్వగానే తల గిరుక్కున తిరిగి అట్ట చినిగినది. హద్దులు కొలిచి నోటుపుస్తకములో తెలుగులోనే వ్రాయించినాను. ఆ పుస్తకము బొమ్మల పెట్టెలోనే ఉండును. బంగారక్క తల: ఎడమకు 1150 మైక్రోసెకనులు, నడుమ 1480, కుడికి 1820. మెడ కుడిప్రక్క బిగువుగా ఉన్నది, 1820 దాటించరాదు. ఎర్రతీగె 6 వోల్టులు, నల్లది నెగెటివు, పచ్చది ఆజ్ఞ.