చేత్తో తిప్పిన రంగులరాట్నం

మొన్న ఆఫీసులో ఒకాయన అమెరికాలో ఎక్కిన చెక్క రోలర్ కోస్టర్ గురించి ఊదరగొడుతుంటే నాకు కోటప్పకొండ తిరునాళ్ళ గుర్తొచ్చింది. శివరాత్రికి జనమంతా ప్రభల్ని చూస్తుంటే నా కళ్ళు మాత్రం రంగులరాట్నం మీదుండేవి. రెండు గుంజలు, మధ్యలో ఇరుసు, నాలుగు చెక్క పెట్టెలు. మోటారూ లేదు, బ్రేకూ లేదు. పక్కన నిలబడ్డ మనిషి దిగే పెట్టెని పట్టుకుని కిందికి లాగేవాడు. ఆపాలన్నా ఆయన చేతులే. ఎదురెదురు పెట్టెల్లో బరువు సమంగా లేకపోతే లాగలేడు కాబట్టి మనిషిని చూసి మరీ కూర్చోబెట్టేవాడు. (లోడ్ బాలన్సింగ్ అనే మాట నేను విన్నది చాలా ఏళ్ళ తర్వాత లెండి.)

1893లో చికాగోలో జార్జ్ ఫెర్రిస్ కట్టిన చక్రంతోనే ఇదంతా మొదలైందని చాలామంది అనుకుంటారు. 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కోదాంట్లో 60 మంది, తిప్పడానికి ఆవిరి యంత్రం. గొప్పదే, కాదనను. కానీ పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1620లోనే, ఇప్పటి బల్గేరియాలో, అలాంటి రాట్నాన్ని చూసి రాసిపెట్టాడు. ఫెర్రిస్ దాన్ని పెద్దది చేశాడు, అంతే. పాపం, రావాల్సిన డబ్బుల కోసం కోర్టుల చుట్టూ తిరిగి 1896లో 37 ఏళ్ళకే పోయాడు. ఆ చక్రాన్ని 1906లో డైనమైట్‌తో పేల్చేశారు.

మా రాట్నం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. ఒక ఏడు మా ఊళ్ళో మిరపకాయల టిక్కీలు లారీకెత్తుతూ ఆ మనిషే కనిపించాడు.

"రాట్నం ఏమైంది బాబాయ్?" అన్నాను.

"మోటారువి వచ్చాక దాన్నెవరు ఎక్కుతారు అబ్బాయా, ఇరుసు అమ్మేశా" అని ఇంకో టిక్కీ భుజానికెత్తుకున్నాడు.