టీవీ చందా – ఇల్లాలి లెక్క



నెల మొదటివారం రాగానే పాలవాడి లెక్క, పేపరువాడి లెక్క, కరెంటు బిల్లు – వాటి వెనకాలే కేబులబ్బాయీ వస్తాడు. మొన్న మా భవానీపురంలో పక్కింటావిడ ఆ అబ్బాయికి డబ్బిచ్చి పంపి, నేరుగా నా దగ్గరకొచ్చింది. “అక్కయ్యగారూ, కేబులు తీయించేద్దామనుకుంటున్నాను. తీయిస్తే మా అత్తగారికి పొద్దెలా గడుస్తుందోనని బెంగ. ఇంతకన్నా చవకలో దారేమీ లేదంటారా?” అని అడిగింది. దారులు లేకేం? ఉన్నాయి. ఐతే వాటిలో మనకు పనికివచ్చేదేదో తెలియాలంటే, యీ బొమ్మలపెట్టె మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో, దానికి చందా ఎప్పటినుంచి కడుతున్నామో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.

అసలు ఇంట్లో కూర్చుని వినడానికి, చూడడానికి డబ్బు కట్టడం కేబులుతో మొదలైంది కాదు. మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజుల్లో రేడియో ఉన్నవాళ్ళు పోస్టాఫీసుకి వెళ్ళి ఏటేటా లైసెన్సు కట్టి రావలసిందే. తరువాత టీవీలు వచ్చాక వాటికీ ఏడాదికి 50 రూపాయల లైసెన్సు ఉండేది. 1980ల నడిమికి ఆ లైసెన్సులన్నీ ఎత్తేశారు. అంటే ప్రభుత్వ ప్రసారం అప్పటినుంచి మనకు ఉచితమే అన్నమాట. యీ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

తెలుగువాళ్ళు టీవీ చూడడం పల్లెల్లో మొదలైందంటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ళ ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. వాటిలో మన రాష్ట్రంలోని గ్రామాలూ ఉన్నాయి. ఊరికొక్క పెట్టె, ఊరంతా దాని ముందు. ఆ తరువాత 1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. సరిగ్గా నెల తిరగకుండానే, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆనాడు కృష్ణా జిల్లాలో వార్త తెలియాలంటే రేడియోనే దిక్కు.

మా చిన్నతనానికి ఇంటి కప్పుల మీద యాంటెన్నాలు వెలిశాయి. 1987 జనవరిలో రామాయణం మొదలైనాక ఆదివారం పొద్దున్న వీధిలో మనిషి కనిపిస్తే ఒట్టు. టీవీ ఉన్న ఇంటివాళ్ళు చాప వేసి అందరినీ కూర్చోబెట్టేవారు. బొమ్మ సరిగా రాకపోతే ఒకరు మేడమీదకెక్కి యాంటెన్నా తిప్పడం, కిందనుంచి ఇంకొకరు “వచ్చింది, వచ్చింది, ఆపు!” అని కేకవేయడం మీకందరికీ అనుభవమే. ఆ చూపుకి నెలకింతని ఇచ్చిందేమీ లేదు.

చందా అన్నది వైరుతో వచ్చింది. మొదట్లో ఎవరో ఒకరు వీసీఆర్‌లో సినిమా క్యాసెట్టు వేసి, వీధిలో ఇళ్ళకు వైరు లాగి, నెలకింతని వసూలు చేసుకునేవారు. 1991లో గల్ఫ్ యుద్ధం తరువాత డిష్ పెట్టి విదేశీ చానళ్ళు పట్టి ఇవ్వడం ఊరూరా పాకింది. 1995లో జెమినీ, ఆ ఆగస్టులో ఈటీవీ వచ్చేసరికి తెలుగింటి ఆడవాళ్ళకు కేబులు ఉప్పూపప్పులలో చేరిపోయింది. కేబులు వాళ్ళకు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే.

2012 నుంచి 2017 దాకా దశలవారీగా ప్రతి ఇంటికీ సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేశారు. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చింది. అప్పటి లెక్కలో కనీస రుసుము 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. అంటే ఒక్క పే చానలూ లేకుండానే ఏడాదికి 1,840 రూపాయల చిల్లర. తరువాత నిబంధనలు మారుతూ వచ్చాయిగాని, ఆనాడు వచ్చిన మేలు ఒకటుంది. కావలసిన చానల్ని విడిగా కోరుకునే హక్కు మనకుంది. ఆ హక్కు వాడుకునేవాళ్ళే తక్కువ.

ఇక చవక దారులకు వద్దాం. 2004 డిసెంబరులో దూరదర్శన్ తన డిష్ సేవ మొదలుపెట్టింది. అప్పుడు 33 చానళ్ళు. దానినే ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నారు. గొడుగు, పెట్టె, బిగింపు కలిపి ఒక్కసారి ఇంచుమించు రెండు వేలు పెడితే ఆ తరువాత నెలనెలా కట్టేది లేదు. 2022 నాటికి దేశంలో 4 కోట్లకు పైగా ఇళ్ళలో ఉందని అంచనా. మన సప్తగిరి చానలూ అందులో వస్తుంది. భారత జట్టు ఆడే ముఖ్యమైన క్రికెట్ పోటీలను దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లో చట్టం చేశారు. ఆ పోటీలు ఫ్రీ డిష్‌లో చూపవచ్చుగాని, ప్రైవేటు కేబుళ్ళలో వచ్చే దూరదర్శన్‌లో కుదరదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

లోటూ చెప్పాలి. అందులో ప్రైవేటు చానళ్ళకు స్థానం వేలంలో దొరుకుతుంది. ఈ ఏడున్నది వచ్చే ఏడుంటుందని నమ్మకం లేదు. కొనేముందు ఇప్పుడు వాడుతున్నవాళ్ళింటికి వెళ్ళి చూసి రండి. మన ఊళ్ళో గొడుగు ఆగ్నేయం వైపు తిరగాలి. పడమటి బాల్కనీ ఒక్కటే ఉన్న అద్దె ఇల్లయితే మేడమీద పెట్టుకోవడానికి ముందు ఇంటివారినడగాలి. జోరువాన వస్తే కాసేపు బొమ్మ ఆగిపోతుంది.

రెండో దారి ఫైబరు. విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి, 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడూ ఇస్తామంటూ మన రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. ఆనాడు అంత చవక మరొకటి లేదు. ఐతే మనం కట్టని మిగతా ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా! తరువాత ప్యాకేజీలూ ధరలూ మారాయి. చదువుకునే పిల్లలకు ఇంటర్నెట్టు కూడా కావాలనుకునే ఇంటికి ఫైబరు ఇప్పటికీ ఆలోచించదగినదే. కాని నేటి ధర ఎంతో అడిగి తెలుసుకున్నాకే చేరండి.

“ఫోనులో అన్నీ ఊరికే వస్తాయి కదా” అంటారు పిల్లలు. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ అనే యాప్ పెట్టిన మాటా నిజమే. కాని డేటా ఊరికే రాదు, చిన్నతెర పెద్దవాళ్ళ కళ్ళకానదు.

పక్కింటావిడకు నేను చెప్పిందొకటే – “ముందు మీ అత్తగారినడగండి, ఏం చూస్తారో.” ఆవిడ అడిగింది. పెద్దావిడ, “పొద్దున్న భక్తి, మధ్యాహ్నం ఆ ఒక్క సీరియలు, రాత్రి వార్తలు. మిగతావన్నీ ఎవరు పెట్టించారే?” అన్నారట! వాళ్ళది పడమటి బాల్కనీ. అందుకని కేబులు ఉంచుకునే, కనీస ప్యాకూ ఆ ఒక్క చానలూ మాత్రం అట్టేపెట్టి మిగిలినవి తీయించారు. బిల్లు బాగా తగ్గింది, పెద్దావిడకు లోటూ రాలేదు. డబ్బు మిగలాలని ఇంట్లో పెద్దవాళ్ళకున్న ఒక్క కాలక్షేపాన్నీ అడగకుండా కోసేస్తే అది పొదుపు కాదు.

ఇంకొక్క మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మన ఊళ్ళో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు కరెంటే లేదు. కరెంటు లేనినాడు కేబులూ ఒకటే, డిష్షూ ఒకటే, ఫైబరూ ఒకటే. మీరేది పెట్టుకున్నా, బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఒకటి అలమరలో ఉంచుకోండి. దానికి చందా లేదు, దివిసీమ నాటినుంచి మన జిల్లాకు అది పాత చుట్టం.

సెలవు.