గాదె ఖాళీగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరం

మా మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లా. ప్రకాశంలోకి వచ్చింది 1970లో. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి, రైళ్ళెక్కి దేశమంతా తిరిగింది. బొంబాయి-మద్రాసు లైన్లో గుంతకల్లు జంక్షను. అక్కడ బండి మారితే నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం మీదుగా గుంటూరు. నెట్‌వర్క్ డయాగ్రం గీసి చూస్తే మనూళ్ళు మారుమూల కానే కాదు.

సెప్టెంబరు తర్వాతి రెండో దఫానే అసలు చంపింది. దేశంలో కోటీ ఇరవై లక్షలకు పైనే పోయారని అంచనా. అందులోనూ 20-40 ఏళ్ళ వాళ్ళని ఎక్కువగా పట్టుకుపోయింది. అంటే మన వయసు వాళ్ళే, ఇంటిని నడిపేవాళ్ళు.

ఇంటికి ముందుజాగ్రత్త అంటే ఆ రోజుల్లో గాదెలో జొన్నలు. ఆ ఏడాదే నైరుతి వానలు ఎగ్గొట్టాయి, ధరలు మండాయి. ఉందనుకున్న బ్యాకప్పే ఫెయిలైందన్నమాట! ఈ జబ్బు వైరస్‌ని మనుషుల్లో కనిపెట్టిందే 1933లో, ఇక మందెక్కడిది? నీళ్ళూ గంజీ తాగించే మనిషే మందు. ఇంటిల్లిపాదీ ఒకేసారి పడకేస్తే ఆ మనిషెవరు?

2020లో మనకి చేతులు 20 సెకన్లు కడుక్కోమన్నారు, విడిగదిలో ఉండమన్నారు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊళ్ళకి ఆ సలహా రాసినవాడు ఎప్పుడూ వచ్చుండడు.

మూతున్న నీళ్ళ డ్రమ్ము, నెలకి సరిపడా బియ్యం, అమ్మానాన్నల బీపీ, షుగరు మాత్రలు... ఇవి కొనొచ్చు. గుమ్మంలో గంజి పెట్టి వెళ్ళేదెవరో మాత్రం ముందే మాట్లాడుకోవాలి. మా అమ్మనడిగితే "మీ పిన్ని వాళ్ళున్నారు గదా" అంది. పిన్ని వాళ్ళదీ అదే వాకిలి, అదే బోరు.