వెల్డింగు పనిలో భద్రత

వెల్డింగు పనిలో భద్రత అనగా లోహాలను కరిగించి అతికేటప్పుడు, గ్యాసు మంటతో ఇనుమును కోసేటప్పుడు పనివారికీ చుట్టుపక్కలవారికీ హాని కలుగకుండా తీసుకొనే జాగ్రత్తలు. ఓడల నిర్మాణశాల మొదలు రహదారి పక్కన గేట్లు, కిటికీ ఊచలు చేసే చిన్న షాపు వరకు ఈ పని జరుగుతుంది. ప్రమాదం రెండుచోట్లా ఒకటే అయినా, రక్షణ సామగ్రి ఎక్కువగా పెద్ద కర్మాగారాలలోనే కనిపిస్తుంది.

కంటికి హాని

విద్యుత్ ఆర్కు నుండి మిరుమిట్లు గొలిపే వెలుగుతో పాటు అతినీలలోహిత, పరారుణ కిరణాలు కూడా వెలువడతాయి. అతినీలలోహిత కిరణాలు కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొరను (శుక్లపటలం) కమిలిస్తాయి. బాధ వెంటనే తెలియదు. సుమారు 6 నుండి 12 గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్లు గరగర, ధారగా నీరు, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. అందుచేత పగలు పనిచేసినవాడు అర్ధరాత్రి నిద్రలేచి కూర్చుంటాడు. ముక్కను పట్టుకొనే సహాయకునికి, దారిన పోతూ నిలబడి చూసే పిల్లలకు కూడా ఇదే బాధ కలుగవచ్చు.

చలువ కళ్ళద్దాలు ఇందుకు చాలవు. విద్యుత్ ప్రవాహాన్ని బట్టి సాధారణంగా 10 నుండి 13 నంబరు వరకు ఛాయగల అద్దం, ముఖమంతా కప్పే ముసుగు అవసరం. కళ్ళలో చనుబాలు పిండటం, బంగాళదుంప ముక్కలు పెట్టడం వంటి వాడుకలున్నాయి గాని వాటి వలన పొర మానదు. పైగా సూక్ష్మజీవులు చేరే అవకాశముంది. తిమ్మిరి కలిగించే చుక్కల మందును ఇంట్లో పదేపదే వేసుకోవడం మరింత హానికరం. సాధారణంగా ఒకటి రెండు రోజులలో బాధ తగ్గుతుంది. తగ్గకపోతే కంటివైద్యుని చూడాలి.

కాలిన గాయాలు

ఇనుము ఎర్రబడాలంటే 500 డిగ్రీల సెల్సియస్ పైన వేడెక్కాలి. 300 డిగ్రీల వేడిలో ఉన్న ముక్క చల్లని ముక్కలాగే కనిపిస్తుంది. ఈ పనిలో చేతులు కాలడానికి ఇదొక ముఖ్యకారణం. అప్పుడే అతికిన ముక్కపై సుద్దతో "వేడి" అని వ్రాసి ఉంచడం ఖర్చులేని మంచి పద్ధతి. నైలాను, పాలియెస్టరు బట్టలు నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. మందపాటి నూలు బట్టలు, తోలు చేతితొడుగులు ధరించాలి. ప్యాంటు అంచు బూటు లోపలికి దోపకూడదు.

కాలినచోట 20 నిమిషాలపాటు చల్లని నీటిధార పోయాలి. వాపు రాకముందే ఉంగరం, గడియారం తీసివేయాలి. మంచుగడ్డ, సిరా, టూత్‌పేస్టు, నెయ్యి పనికిరావు. అంటుకున్న బట్టను లాగకూడదు. గాయం పెద్దదైతే 108కి ఫోను చేయాలి.

పేలుళ్ళు

పెట్రోలు, డీజిలు నిలువచేసిన ఖాళీ డ్రమ్ములను అతకడం, కోయడం అత్యంత ప్రమాదకరం. నిండుడ్రమ్ము కంటె ఖాళీడ్రమ్మే భయంకరమన్నా తప్పులేదు. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలుతుంది. మూత తీసి ఎండలో పెట్టినంత మాత్రాన అది పోదు. పూర్తిగా శుభ్రపరచి, నీటితో గాని జడవాయువుతో గాని నింపిన తరువాతనే, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని మొదలుపెట్టాలి.

ఆక్సిజను సిలిండరు (భారతదేశంలో నలుపురంగు) కవాటాలకు నూనె, గ్రీజు తగలరాదు. అవి భగ్గున అంటుకొనగలవు. ఎసిటిలీను సిలిండరును (ముదురు ఎరుపు) నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే లోపలి ఎసిటోను ద్రవం బయటకు వస్తుంది.

పొగ

జింకుపూత వేసిన ఇనుమును అతికినప్పుడు వచ్చే తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. ఒకటి రెండు రోజులలో తగ్గిపోవడంతో దీనిని మామూలు జ్వరమని భావిస్తారు. పాలు తాగితే రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగు పొగను మానవులలో క్యాన్సరు కలిగించేవాటి జాబితాలో చేర్చింది. మూసిన గదిలో కాక గాలి ఆడేచోట, పొగ ముఖం మీదికి రాకుండా పక్కగా నిలిచి పనిచేయడం అవసరం.