పునరావాస వైద్యంలో పరిశోధన శిక్షణ: తొలి దశ
కాపడం, నీటి చికిత్స, విద్యుత్ చికిత్సలను 1930లలో అమెరికా వైద్యులు చాలామంది చిన్నచూపు చూసేవారు. రోగికి ఉపశమనం కలిగినా, అది ఎందుకు కలిగిందో చూపే ఆధారాలు తక్కువ. ఫ్రాంక్ క్రూసెన్ 1936లో మేయో క్లినిక్‌లో మూడేళ్ల రెసిడెన్సీని ప్రారంభించాడు. కానీ ఒక్క ఆసుపత్రి ఎంతమందిని తయారుచేయగలదు? నీటి చికిత్సను సమర్థించిన వైద్యుడు సైమన్ బరూక్. ఆయన కుమారుడు, ధనికుడైన బెర్నార్డ్ బరూక్, 1943లో ఒక సంఘాన్ని నియమించాడు. 1944లో ఆయన ఇచ్చిన పది లక్షల డాలర్లకు మించిన విరాళంలో అధిక భాగం కొలంబియా, న్యూయార్క్ విశ్వవిద్యాలయాలకు, వర్జీనియా వైద్య కళాశాలకు చేరింది. గాయపడిన సైనికులు తిరిగివస్తున్న ఆ రోజుల్లోనే, ఈ సొమ్మును బోధనకు, పరిశోధనకు, యువ వైద్యుల శిక్షణకు కేటాయించడం మీరు గమనించాలి. 1947లో ఈ విభాగానికి ప్రత్యేక బోర్డు ఏర్పడింది. దాని పేరులో 'పునరావాసం' అనే మాట 1949లో గానీ చేరలేదు.