పాత సూపర్‌జూమ్ కెమెరా మారుస్తున్నారా? డబ్బాపై ‘ఎక్స్’ నంబర్ చూసి కొంటే బోల్తా పడ్డట్టే!

తిరుపతి: పులికాట్‌కు ఫ్లెమింగోలు, నేలపట్టుకు గూడబాతులు వచ్చే సీజన్ మొదలైతే చాలు.. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కెమెరా ఉన్నవాళ్లకు చేతులు ఊరుకోవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. దాంతో పులికాట్, నేలపట్టు, శ్రీహరికోట అన్నీ ఇప్పుడు సొంత జిల్లాలోనే ఉన్నాయి. లెన్సులు మార్చే పని లేకుండా ఒకే కెమెరాతో దూరాన్ని దగ్గర చేసే సూపర్‌జూమ్‌లకు ఇక్కడ గిరాకీ అందుకే.

పదేళ్ల కిందట కొన్న కెమెరాను ఇప్పుడు మార్చాలనుకునేవాళ్లు ముందుగా చూసేది డబ్బాపై రాసిన నంబరే. 50ఎక్స్, 65ఎక్స్, 83ఎక్స్, 125ఎక్స్.. ఎంత పెద్దదైతే అంత మంచిదని లెక్క. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

‘ఎక్స్’ అంటే అసలు ఏంటి?

లెన్స్ అత్యంత దూరపు కొలతను అత్యంత వెడల్పు కొలతతో భాగిస్తే వచ్చేదే ఈ ఎక్స్. బొమ్మ ఎంత దగ్గరగా కనిపిస్తుందో అది చెప్పదు. ఉదాహరణకు 2012లో వచ్చిన కెనాన్ ఎస్‌ఎక్స్50 హెచ్‌ఎస్ లెన్స్ 24 నుంచి 1200 మిల్లీమీటర్లు (35 ఎంఎం ఫిల్మ్ లెక్కలో). అంటే 50ఎక్స్. 2018లో వచ్చిన ఎస్‌ఎక్స్70 హెచ్‌ఎస్ 65ఎక్స్. కానీ దాని లెన్స్ 21 దగ్గర మొదలై 1365 దగ్గర ఆగుతుంది. 50 నుంచి 65కు అంటే 30 శాతం పెరిగినట్టు అనిపిస్తుంది కదా? నిజంగా దగ్గరయ్యేది 14 శాతమే. మిగతాది వెడల్పు వైపు పోయింది. పక్షి కోసం మారుస్తున్నవాళ్లకు ఆ తేడా కంటికి ఆనడం కష్టం.

అదే నికాన్ పీ950 అయితే 2000 వరకు వెళ్తుంది. పీ1000, 2025లో వచ్చిన పీ1100 రెండూ 3000 వరకు వెళ్తాయి. సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 మాత్రం 600 దగ్గరే ఆగిపోతుంది. అయినా ధరలో లక్ష దాటుతుంది! ఎందుకో తెలియాలంటే చెరువు గట్టుకు వెళ్లాల్సిందే.

పులికాట్‌లో లెక్క ఇదీ..

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన ఆగి, 300 మీటర్ల దూరంలో నీళ్లలో నిల్చున్న ఫ్లెమింగోను తీస్తున్నారనుకుందాం. పక్షి ఎత్తు సుమారు 1.2 మీటర్లు. 600 మిల్లీమీటర్ల దగ్గర ఫొటోలో నిలువునా 12 మీటర్ల మేర పడుతుంది. అంటే పక్షి పదో వంతు. 1200 దగ్గర అయిదో వంతు, 2000 దగ్గర మూడో వంతు, 3000 దగ్గర సగం. ఇలా చూస్తే నికాన్‌కే ఓటు వేయాలి.

అయితే ఈ లెక్కలో ఎండ లేదు. పొద్దెక్కాక నీటి మీద, ఉప్పు నేల మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. 2000, 3000 జూమ్‌లో ఆ కదలిక కూడా అంతే పెద్దదై, ఈకలు కరిగిన మైనంలా వస్తాయి. ఏ కంపెనీ కెమెరా కూడా దీన్ని సరిచేయలేదు. తెల్లవారాక మొదటి గంట, రెండు గంటల్లో తీసిన 1200 ఫొటో మధ్యాహ్నం తీసిన 3000 ఫొటో కంటే ఎన్నో రెట్లు మేలు. పాత కెమెరాను మార్చేముందు ఒక్కసారి టైమ్ మార్చి చూసుకోవడం ఖర్చు లేని పని.

శేషాచలంలో కథ వేరు. చెట్ల నీడలో, తెల్లవారుజామున పసుపు గొంతు పికిలిపిట్ట కనిపిస్తే సమస్య దూరం కాదు, వెలుతురు. పీ950లో పూర్తి జూమ్ దగ్గర లెన్స్ ఎఫ్/6.5కు, పీ1000లో ఎఫ్/8కు ముడుచుకుపోతుంది. పైగా వీటి సెన్సర్ వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లే. చీకటి పడేకొద్దీ ఫొటోలో చుక్కలు చుక్కలుగా గరుకు వచ్చేస్తుంది. సోనీ ఆర్‌ఎక్స్10లో సెన్సర్ 116 చదరపు మిల్లీమీటర్లు, అంటే నాలుగు రెట్లు. లెన్స్ పూర్తి జూమ్‌లోనూ ఎఫ్/4. ఎగిరే పక్షిని పట్టే ఫోకస్ కూడా దీనిదే వేగం. అంత బడ్జెట్ లేకపోతే పానాసోనిక్ ఎఫ్‌జెడ్300 ఉంది. సెన్సర్ చిన్నదే కానీ 600 వరకూ ఎఫ్/2.8 తగ్గదు. ఎఫ్/6.5తో పోలిస్తే అయిదు రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. చినుకులకు, దుమ్ముకు తట్టుకునే బాడీ అదనం. (అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్తే ఫొటో సంగతి తర్వాత, ఎర్రచందనం నిఘా బృందాలకు సమాధానం చెప్పుకోవాలి.)

పలమనేరు, కుప్పం వైపు పొలాల్లోకి వచ్చే ఏనుగులకైతే 600 చాలు. మూడు మీటర్ల ఏనుగు 150 మీటర్ల దూరం నుంచి ఫ్రేమ్‌లో సగం నిండుతుంది. 2000 పెడితే తల మాత్రమే పడుతుంది! అవి కదిలేది ఎక్కువగా సందె వేళ కాబట్టి ఇక్కడా వెలుతురు పట్టే లెన్సే కావాలి. ఇంకా దగ్గరగా తీద్దామని ముందుకు నడవడం మాత్రం ప్రాణాల మీదకు తెస్తుంది.

రాకెట్ ప్రయోగాలకు వెళ్లేవాళ్లు ఇంకో బటన్ చూసుకోవాలి. 44 మీటర్ల పీఎస్‌ఎల్‌వీ 10 కిలోమీటర్ల నుంచి 2000 జూమ్‌లో ఫ్రేమ్‌లో మూడో వంతు ఉంటుంది. కానీ లేచిన కొన్ని సెకన్లకే పైకి జారిపోతుంది. నికాన్ పీ సిరీస్‌లో స్నాప్‌బ్యాక్ జూమ్, కెనాన్ ఎస్‌ఎక్స్‌లో ఫ్రేమింగ్ అసిస్ట్ బటన్ నొక్కితే లెన్స్ కాసేపు వెడల్పై, వస్తువు దొరికాక మళ్లీ దగ్గరవుతుంది. పక్షులకూ ఇదే పనికొస్తుంది.

పాతది ఇచ్చి ‘పాతదే’ కొంటుంటే..

ఫోన్ల దెబ్బకు ఈ రకం కెమెరాల్లో చాలా మోడళ్ల తయారీ ఆగిపోయింది. దాంతో చాలామంది సెకండ్ హ్యాండ్ చూస్తున్నారు. ఇక్కడ కొన్ని మెలికలున్నాయి. నికాన్ పీ900 (2015) జూమ్‌లో పీ950తో సమానమే. కానీ ఫొటోను తర్వాత దిద్దుకోవడానికి వీలిచ్చే రా ఫైల్ ఇవ్వదు. ఎస్‌ఎక్స్50 వాడినవాళ్లకు అది అలవాటైన సౌకర్యం. జూమ్ కోసం మారి దాన్ని పోగొట్టుకుంటారు. ఎస్‌ఎక్స్50 బ్యాటరీ ఎస్‌ఎక్స్60కి సరిపోతుంది, ఎస్‌ఎక్స్70కి సరిపోదు. పీ900 బ్యాటరీ పీ950కి పట్టదు. స్పేర్ బ్యాటరీల ఖర్చు కలుపుకోవాల్సిందే.

బరువు కూడా చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఎస్‌ఎక్స్50 దాదాపు 600 గ్రాములు. పీ950 కిలో, పీ1000 కిలో 400 గ్రాములకు పైనే. ట్రైపాడ్ లేకుండా పొద్దస్తమానం మెడలో వేసుకుని తిరిగేది ఎవరో ఆలోచించుకోవాలి.

తిరుపతిలో కొంటుంటే ఒక సౌలభ్యం ఉంది. షాపు బయట కొండ కనిపించే చోటికి వచ్చి, ఉదయం పూట గాలి గోపురాన్ని పూర్తి జూమ్‌లో చేతితోనే పది ఫొటోలు తీయండి. కనీసం ఆరేడు నిలకడగా రావాలి. లెన్స్ బయటికి, లోపలికి వచ్చేటప్పుడు గరగర శబ్దం ఉందా, అద్దం లోపల బూజు మరకలున్నాయా టార్చ్ వేసి చూడండి. తర్వాత ఆకాశాన్ని తీసి, ఫొటోను పెద్దది చేయండి. నల్లమచ్చలు ప్రతి ఫొటోలో అదే చోట కనిపిస్తే సెన్సర్‌పై దుమ్ము చేరినట్టే. ఈ కెమెరాల్లో లెన్స్ ఊడదు కాబట్టి ఇంట్లో తుడుచుకోవడం కుదరదు, బాడీ మొత్తం విప్పాలి. ఆ ఖర్చు తగ్గించి బేరం ఆడాలి, లేదంటే వేరే పీస్ చూసుకోవాలి.