61 సిగ్ని: దూరం చెప్పిన మసక తార

హంస మండలంలో చీకటి బాగా ఉన్న చోట మాత్రమే కంటికి ఆనే మసక చుక్క 61 సిగ్ని. నిజానికి అది ఒక తార కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు నారింజ మరుగుజ్జు తారలు. మనకు 11.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. పేరులోని 61 ఇంగ్లండు ఖగోళవేత్త జాన్ ఫ్లామ్‌స్టీడ్ తారల పట్టిక చలవ. అదే మండలంలో డెనెబ్ ధగధగా మెరుస్తుండగా ఈ జంట చరిత్రకెక్కింది దాని నడక వల్ల.

ఇది జంట తార అని 1753లో జేమ్స్ బ్రాడ్లీ గమనించాడు. సిసిలీలోని పలెర్మో వేధశాలలో ఏళ్ళ తరబడి కొలతలు తీసిన జుసెప్పె పియాజి, ఇది ఏటా 5 ఆర్క్ సెకన్లకు పైగా జరుగుతోందని 1804లో ప్రకటించాడు. అంటే నిండు చందమామ వెడల్పు దాటడానికి సుమారు 350 ఏళ్ళు. తారల లెక్కలో అది పరుగే. అందుకే దీనికి ‘ఎగిరే తార’ అన్న పేరు వచ్చింది.

ఇంత వేగంగా కదులుతోందంటే దగ్గరిదే అయి ఉండాలి. జర్మన్ ఖగోళవేత్త ఫ్రీడ్రిష్ బెస్సెల్ ఊహ అదే.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, ఆరు నెలల తేడాతో చూసినప్పుడు దగ్గరి తార దూరపు తారల నడుమ కాస్త పక్కకు జరిగినట్టు కనిపించాలి. చాచిన బొటనవేలిని ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూస్తే తెలుస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న కోపర్నికస్ గ్రంథం 1543లో వచ్చినా, దాదాపు 300 ఏళ్ళు ఆ కదలిక ఎవరికీ చిక్కలేదు. బెస్సెల్ కోనిగ్స్‌బర్గ్ వేధశాలలో తారల మధ్య చిన్న కోణాలను కొలిచే ఫ్రౌన్‌హోఫర్ హీలియోమీటరుతో 1837లో కొలతలు మొదలుపెట్టి, 1838లో ఫలితం ప్రకటించాడు: 0.314 ఆర్క్ సెకన్లు. రెండున్నర సెంటీమీటర్ల నాణేన్ని 16 కిలోమీటర్ల అవతల పెడితే కనిపించేంత కోణమది! నేటి విలువ 0.286. వేగా తారను కొలిచిన స్ట్రూవే, ఆల్ఫా సెంటారీని కొలిచిన హెండర్సన్ ఆ పరుగులో ఉన్నవాళ్ళే. అయితే సందేహాలకు తావివ్వని కొలతగా అందరూ ఒప్పుకున్నది బెస్సెల్‌దే. మెరుపును చూసి దగ్గరితనాన్ని అంచనా వేసే అలవాటును వదిలి, కదలికను నమ్మడమే ఆయన గొప్పతనం.

జంటలో పెద్దదాని ద్రవ్యరాశి సూర్యుడిలో 70 శాతం, చిన్నదానిది 63 శాతం. వెలుగు మాత్రం బాగా తక్కువ: పెద్దది సూర్యుడిలో 15 శాతం, చిన్నది 9 శాతం కన్నా తక్కువ. ఉపరితల ఉష్ణోగ్రత పెద్దదానికి దాదాపు 4,500 కెల్విన్లు, చిన్నదానికి సుమారు 4,100. ఆ వేడికే నారింజ రంగు. ఇంధనాన్ని పొదుపుగా ఖర్చు చేస్తాయి కనుక ఇలాంటి తారలు సూర్యుడి కంటే ఎంతో ఎక్కువ కాలం బతుకుతాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి 650 ఏళ్ళకు పైనే పడుతుంది. సూర్యుడి మచ్చల చక్రం 11 ఏళ్ళయితే, పెద్దదాని చురుకుదనం సుమారు 7 ఏళ్ళకొకసారి హెచ్చి తగ్గుతుంది.

1940ల తొలినాళ్ళలో ఖగోళవేత్త కై స్ట్రాండ్ ఈ జంట కదలికలో వంకరను చూసి, కంటబడని మూడో తోడు ఉందన్నాడు. హాల్ క్లెమెంట్ సైన్స్ ఫిక్షన్ నవల ‘మిషన్ ఆఫ్ గ్రావిటీ’కి రంగస్థలం ఈ జంట దగ్గరి ఊహాగ్రహమే. కానీ తర్వాతి కొలతల్లో స్ట్రాండ్ చెప్పిన తోడు నిలబడలేదు. ఇప్పటివరకు ఇక్కడ గ్రహమేదీ రుజువు కాలేదు.

తెలుగు నేలకూ ఈ తార ఉన్న ఆకాశంతో పని పడింది. ప్రపంచ వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలతో తారల పట్టిక తయారు చేసినప్పుడు, హైదరాబాదు నిజామియా వేధశాల చేసిన భాగాల్లో ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ ఒకటి. 61 సిగ్ని చోటు అందులోనే.

సెప్టెంబరు, అక్టోబరు రాత్రుల్లో డెనెబ్, సదర్, ఎప్సిలాన్ సిగ్ని తారలను మూడు మూలలుగా చేసుకుని సమాంతర చతుర్భుజం ఊహించుకోండి. నాలుగో మూలన ఉన్నది 61 సిగ్ని. చిన్న టెలిస్కోపు ఉంటే చాలు, రెండు నారింజ చుక్కలూ విడివిడిగా కనిపిస్తాయి.